ఖాళీ కొక్కెం

కుల్సుం చేసిన మొదటి చాబీల పెట్టె సిద్దిపేట మార్కెట్ యార్డు ఎదుట, నాగయ్య గోదాం గోడకు, జనమంతా చూస్తుండగా పట్టపగలు ఎక్కింది. ఊరికే ఎక్కలేదు. నాగయ్య తన బుల్లెట్ బండి చాబీ అందులో వేయించి, తలుపు మూయించి, "పగులగొట్టకుండ తెరిచినోడు గీ బండెక్కి ఇంటికి పోవచ్చు" అని బజారంతా చాటించాడు. వారం దినాలు ఆ పెట్టె గోడకు వేలాడింది. సిరిసిల్ల నుంచి ఒక తాళాల మిస్త్రీ వచ్చాడు, హుస్నాబాద్ నుంచి ఇంకొకడు వచ్చాడు. తీగలు దూర్చారు, సూదులు తిప్పారు, చెవి ఆనించి విన్నారు. ఒకడైతే పెట్టెకు దండం పెట్టి మరీ మొదలుపెట్టాడు. చివరికి పెట్టెకే ఇంకో దండం పెట్టి వెళ్లిపోయాడు. బుల్లెట్ సీటు మీద కాకులు కూర్చున్నాయే తప్ప మనిషి కూర్చోలేదు. వారం నిండాక కుల్సుం వచ్చి తన చాబీ ఒక పక్క, నాగయ్య చాబీ ఇంకో పక్క పెట్టించి, రెండూ ఒక్కసారి తిప్పించింది. వెన్నలో కత్తి దిగినంత సులువుగా తలుపు తెరుచుకుంది.

"ఇగ నా గోదాంకు గిదే ఖాయం," అన్నాడు నాగయ్య. "దొంగ పెండ్లాం జేసిన పెట్టె అని ఎవడన్న నవ్వితే నా దిక్కు తోలు చెల్లె, నేను జెప్త."

మంచి మనసుతోనే అన్నాడు. కానీ కుల్సుం చెవికి 'దొంగ పెండ్లాం' ఒక్కటే ఆనింది. పైకి నవ్వింది. లోపల, తన మగనికి ఆ పేరు అంటగట్టిన ప్రమీలాదేవిని ఇంకోసారి తలచుకుంది. దేవుణ్ణి అయిదు పూటలు తలిస్తే ప్రమీలాదేవిని పది పూటలు తలిచేది ఆమె.

ఆ మొదటి పెట్టె తర్వాత కుల్సుం సాధించినవి చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. తొగుట రైస్ మిల్లుకు ఆమె పెట్టె. కొండపాక కోళ్ల ఫారాలకు ఆమె పెట్టె. నంగునూరులో ట్రాక్టర్లు, బోరు మోటార్లు ఉన్న ఆసాముల ఇళ్లలో ఆమె పెట్టె. గణతంత్ర దినం నాడు స్టేజీ మీదకు పిలిచి శాలువా కప్పి, ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆ శాలువాను ఆమె డ్రిల్లింగ్ మిషన్ మీద దుమ్ము పడకుండా కప్పింది. ఆడమనిషి, అందులోనూ ఏడో తరగతి గడప దాటని మనిషి, ఇనుపరేకుతో ఇంత పేరు తెచ్చుకున్నది మా సిద్దిపేట చుట్టుపక్కల ఇంకొకతె లేదు.

పెట్టె గొప్పతనం రెండు తాళాల్లో లేదు. రెండు తాళాల పెట్టెలు హైదరాబాద్ బజార్లలో కావలసినన్ని. కుల్సుం పెట్టె లోపల వరుసగా కొక్కేలుంటాయి. ఒక్కో కొక్కెం వెనుక ఒక స్ప్రింగు. చాబీ తగిలిస్తేనే ఆ స్ప్రింగు దిగుతుంది. అన్ని స్ప్రింగులూ దిగితేనే తలుపు పడుతుంది. ఒక్క కొక్కెం ఖాళీగా ఉన్నా సరే, తలుపు నోరు తెరుచుకొని నిలబడుతుంది, భుజం పెట్టి నూకినా మూసుకోదు. చాబీ పోయిందన్న సంగతి పదిమందికీ అప్పటికప్పుడే తెలిసిపోతుంది. పాత స్కూటర్ల బ్రేకు స్ప్రింగులు సాగదీసి, వంచి, వేళ్లు కోసుకొని, రెండేళ్లు తంటాలు పడితే కుదిరిన పని అది.

"గీ ఆలోచన నీకెట్ల తట్టింది చెల్లె?" అని నాగయ్య అడిగాడు.

"కడుపు మండితె అన్ని తడ్తయన్నా," అంది కుల్సుం.

ఉత్త మాట కాదు. ఆ మంట ఎక్కడ అంటుకుందో చెప్పాలంటే ఆమె భర్త జానీ పాషా గురించి చెప్పాలి.

పాత బస్టాండు పక్క సందులో పాషాది తాళాల దుకాణం. ఆయన తండ్రిదీ అదే పని, తాతదీ అదే పని. పాషా చేసిన చాబీ పట్టలేదని వెనక్కి తెచ్చినవాడు లేడు. పోలీసులు కూడా తమ ఇళ్ల తాళాలు పడితే ఆయన్నే పిలిచేవారు. కుల్సుం పక్కన కూర్చొని ఆకురాయి పట్టేది. ఇద్దరూ మాట్లాడుకునే మాటల కంటే రెండు ఆకురాళ్లు చేసే చప్పుడే ఎక్కువగా ఉండేది. అదొక సంసారం, అందులోనే సుఖం.

ఆరేళ్ల కింద ప్రమీలాదేవి పెద్ద కూతురు మనస్విని పెళ్లి జరిగింది. ప్రమీలాదేవి భర్త యాదగిరి రెడ్డిది కొండపాకలో భూములున్న కుటుంబం. ప్లాట్ల వ్యాపారంలోకి దిగి, సిద్దిపేటలో పెద్ద ఫంక్షన్ హాలు కట్టి, 'ప్రమీల గార్డెన్స్' అని భార్య పేరే పెట్టుకున్నాడు. హాలు వెనకే ఇల్లు. బోర్డు మీద ఆమె పేరు, లోపల ఆమె మాట, ఆయనకు మిగిలింది వచ్చినవాళ్లకు దండాలు పెట్టే పని.

పెళ్లి పొద్దున ఆమె బీరువా చాబీ కనబడలేదు. అల్లుడికి పెట్టాల్సిన రవ్వల ఉంగరం బీరువాలో ఉంది. పాషాకు కబురు పోయింది. ఆయన వచ్చి, బీరువా తెరిచి, అక్కడే నేల మీద కూర్చొని కొత్త చాబీ చేయసాగాడు. ఇంతలో బ్యాండు చప్పుడైంది, మగపెళ్లివారు దిగారు, గదిలో ఉన్నవాళ్లంతా ఎదుర్కోళ్లకు ఉరికారు. తెరిచిన బీరువా, దాని ముందు పాషా, ఇంకెవరూ లేరు. ఆయన పని ముగించి, చాబీ ప్రమీలాదేవి చేతికి ఇచ్చి, తిని పొమ్మంటే బంతిలో కూర్చున్నాడు.

మొదటి ముద్ద నోట్లో ఉండగానే మైకులో ప్రమీలాదేవి గొంతు వినిపించింది. మంత్రాలు చదివే అయ్యగారి చేతిలోని మైకు లాక్కొని మరీ అంది.

"ఉంగరం లేదు! గా చాబీలోడే తీసిండు! దొంగను తెచ్చి బీరువా ముంగట కూసోబెట్టినం!"

ఆ మాట స్టేజీ మీద మొదలై, వంటల దగ్గరి స్పీకరు దాకా, గేటు బయట రోడ్డు దాకా పోయింది. వంటల దగ్గరే పాషాను నిలబెట్టి పనిసంచి దులిపారు. అంగీ విప్పించారు. ఏమీ దొరక్కపోతే "మింగిండు కావచ్చు" అని ఎవరో నవ్వారు. సాయంత్రం దాకా ఠాణాలో కూర్చోబెట్టి వదిలేశారు. దొరకలేదు గనుక వదిలారు, దొంగ కాదని ఎవరూ చెప్పలేదు.

తాళాల పనివాడి మీద ఆ మాట పడితే ఇక ఏముంటుంది? ఇంటి చాబీ ఎవరిస్తారు? దుకాణానికి మనిషి రావడం మానేశాడు. సలాం పెట్టేవాళ్లు కూడా జేబు తడుముకుంటూ పెట్టేవారు.

"చాబీల పనికి చేతులొక్కటే సాలయి కుల్సుం, ఇజ్జత్ ఉండాలె," అన్నాడు పాషా. "గది వోయింది. నేను నాందేడ్ల అక్క దగ్గరికి పోత. గా నోటితోనే, గా మైకులనే, నేను దొంగను గాదని ఆమె అంటె వస్త. లేకుంటె నా శవం గూడ, నా మయ్యత్ గూడ గీ ఊర్లకు రావద్దు."

"నేను రాను," అంది కుల్సుం. "గామె గీడనే ఉన్నది. నేను గూడ గీడనే ఉంట."

ఆయన పోయాడు. మరుసటి పొద్దున కుల్సుం ఒక్కతే షట్టరు ఎత్తింది. వాళ్ల ఒక్కగానొక్క కూతురు హీబా నికాహ్ సిద్దిపేటలోనే జరిగింది. నాందేడ్‌లో ఉన్న తండ్రి ఫోనులో చూశాడు. ఫోను పట్టుకొని నిలబడ్డది కుల్సుం. ఆయన కళ్లు తుడుచుకోవడం ఆ చిన్న తెరలో చూసింది. మనసులో ఒకటే అనుకుంది: ప్రమీలాదేవికీ ఇంకో బిడ్డ ఉంది. ఆ బిడ్డకూ పెళ్లవుతుంది.

అసలు సంగతి ఆమెకు దొరికింది నంగునూరులో. ప్రసూన అనే ఆసామి ఇల్లాలు ట్రాక్టరు, మోటార్ల కోసం పెట్టె బిగించుకుంటూ నవ్వుతూ చెప్పింది.

"కుల్సుంబీ, నా కత ఇంటె నవ్వుతవ్. మొన్న మా అన్నలు వచ్చి ఒడిబియ్యం పోసిన్రు. కొత్త చీర పెట్టి, ఆడనే కట్టుకొమ్మన్నరు. కట్టుకున్న. ఇడిసిన చీర కొంగుకు ట్రాక్టర్ చాబీ ముడేసి ఉన్నట్టు సోయే లేదు! మా ఆయన దుక్కి ఇడిసిపెట్టి ఊరంత ఎతికిండు. మీ తమ్ముడే ఎత్కపోయిండని నాతోటి కొట్లాడిండు. ఆఖరికి చీర మడత బెడ్తుంటె టంగుమని కింద వడ్డది."

కుల్సుం చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

పాషా ఆ రోజు సంగతి ఎన్నిసార్లు చెప్పాడో! చెప్పిన ప్రతిసారీ ఒక మాట అనేవాడు: ఆమె మాటిమాటికీ కొంగు కొసలు తీసి తడుముకుంటుండె, ఆ చీరకు ఇంకా అంగడి మడత కూడా పోలేదు. అంగడి మడత! అంటే అది అప్పుడే కట్టుకున్న చీర. పుట్టింటివాళ్లు పెట్టిన ఒడిబియ్యం చీర. ముడి ఊడి చాబీ ఎక్కడో పడిందని ప్రమీలాదేవి అనుకుంది గానీ, ముడి ఉన్నది ఈ చీరకు కాదు, విడిచిన చీరకు. ఇక ఉంగరం? అల్లుడి ఉంగరం అందుబాటులో ఉండాలని పొద్దున్నే బీరువాలోంచి తీసి, బీరువా మూసి, చాబీతో పాటు దాన్నీ అదే ముడిలో వేసి, పెళ్లి గడబిడలో మరచిపోయి ఉంటే?

ఇంకోటి కూడా తట్టింది ఆమెకు. అది తట్టినప్పుడు గోడకు ఆనుకొని కూర్చుంది. పాషా ఆ పూట కొత్త చాబీ చేసి ఇవ్వకపోయి ఉంటే, వాళ్లు పాత చాబీ కోసం వెతికేవారు. వెతికితే ముడి దొరికేది, ముడిలో ఉంగరం దొరికేది. ఆయన పని కుదిరింది గనుకనే ఎవరూ వెతకలేదు. ఆయన పనితనమే ఆయన్ను దొంగను చేసింది.

ఇంకొకతె అయితే చెప్పులు కూడా వేసుకోకుండా ప్రమీలాదేవి ఇంటికి ఉరికేది. కుల్సుం ఉరకలేదు. ఫోనులో పాషాకు చెబితే ఆయన కూడా "పోయి చెప్పు, చీర తీయమను" అన్నాడు.

"ఇంట్ల జెప్తె ఇంట్లనే ఉంటది," అంది కుల్సుం. "తిట్టింది మైకుల. ఉంగరం దొరికినా సప్పుడు జెయ్యకుండ పెట్టెల ఏస్కొని మనకు ఓ శేరు మిఠాయి పంపుతది. నాకు మిఠాయి అద్దు."

కానీ ఒక్కటే భయం. ఆ చీర ఎవరికైనా ఇచ్చేసి ఉంటే? ఆ భయం కూడా తీరింది. ప్రమీలాదేవి ఇంట్లో పనిచేసే నర్సమ్మ ఒకనాడు తన ఇంటి చాబీ పోయిందని దుకాణానికి వచ్చింది. కుల్సుం మాటల్లో మాటగా పెద్దబిడ్డ పెళ్లి నాటి చీరల సంగతి ఎత్తింది.

"గా పెండ్లినాడు పొద్దుగాల కట్టిన పట్టుచీరనా? అయ్యో, దాన్ని ముడ్తదా మా దొరసాని? అపశకునం చీర అని సందుగ పెట్టెల అడుగుకు తొక్కింది. ఇప్పిన చీర ఇప్పినట్టే ఉన్నది," అంది నర్సమ్మ.

కుల్సుం ఆమెకు చాబీ చేసిచ్చి, చాయ్ తాగించి, బిస్కెట్లు కూడా పెట్టించింది.

ఇక ఆమె పని మొదలైంది. సిద్దిపేటలోని ఫంక్షన్ హాళ్లన్నిటికీ తిరిగి తిరిగి పెట్టెలు బిగించింది. ఒకరికి తక్కువకు ఇచ్చింది, ఒకరికి ముందు బిగించి తర్వాత తీసుకుంది. ఒక్క ప్రమీల గార్డెన్స్ గేటు మాత్రం తొక్కలేదు. పెట్టె లేని హాలు అదొక్కటే మిగిలేదాకా ఆమె ఆగలేదు. పండ్ల వరుసలో ఒక్క పన్ను ఊడితే ఎట్లా కనబడుతుందో అట్లా కనబడాలి, అంతే.

కనబడింది. చిన్నకూతురు కృతికకు హుస్నాబాద్ సంబంధం కుదిరింది. మాటలు ఖాయం చేసుకునే నాడు కాబోయే వియ్యంకుడు తమలపాకు నములుతూ అన్నాడట: "అన్ని హాళ్లల్ల గా కుల్సుంబీ పెట్టె ఉన్నది. మీ దాంట్ల లేదేంది బావా? ఉంగరం వోయింది మీ దాంట్లనే గదా? పెట్టె లేకుంటె నేనైతె నా కోడలి సొమ్ములు గీడ పెట్టనియ్య."

మొదట మేనేజరు వచ్చాడు.

"పెట్టెలు అయిపోయినయ్," అంది కుల్సుం.

"నీ ఎనకనే గోడ నిండ ఉన్నయ్ గదమ్మా?"

"గవి అమ్మెటివి గావు. జూసెటివి."

తర్వాత యాదగిరి రెడ్డి స్వయంగా వచ్చి, ముసలి ప్రాణం ఉసూరుమంటూ స్టూలు మీద కూర్చున్నాడు. ఆయనకు నీళ్లిచ్చింది, చాయ్ ఇచ్చింది, పెట్టె మాత్రం ఇవ్వలేదు.

"మీరు మంచోళ్లే పటేలా. కాని మాటన్నది మీరు గాదు. అన్నోళ్లు రావాలె."

చివరికి ప్రమీలాదేవి వచ్చింది. కారు సందు మొదట్లో ఆగింది. అద్దం సగం దిగింది.

"ఏ కుల్సుంబీ, ఇటు రా."

కుల్సుం ఆకురాయి ఆపలేదు. డ్రైవరు హారన్ కొట్టాడు.

"దొరసానీ, హారన్ గొడితె బర్లు జరుగుతయ్. మిస్త్రీలు రారు. దిగి రాండ్రి, మీకు కాళ్లున్నయ్ గదా," అని ఉన్నచోటి నుంచే కేకేసింది. సందులోని టైలరు, చెప్పుల దుకాణం ఆయన, చాయ్ బండి చుట్టూ ఉన్నవాళ్లు అందరూ తలలు తిప్పారు. ప్రమీలాదేవి మోరీ నీళ్లకు తగలకుండా కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని నడిచి వచ్చింది.

"ఎన్నొద్దులు బెట్టుకుంటవే మనసుల?"

"మీరు మైకుల బెట్టిన్రు దొరసానీ. నేను మనసులనే బెట్టుకున్న. ఎవలది ఎక్కువ?"

ప్రమీలాదేవి ముఖం గట్టిపడింది. "నా ఉంగరమైతె ఇప్పటికీ దొరకలే. గది యాదికుంచుకో."

"మస్తు యాదికున్నది," అంది కుల్సుం. "పెట్టె ఇస్త. నేనే వచ్చి బిగిస్త. ఒడిబియ్యం పోసినంక, మీ అన్నదమ్ములు, వియ్యంకులోళ్లు అందరు జూస్తుండంగ తలుపు వడాలె. గదే నా షరతు."

"గంతేనా?"

"గంతే."

ఆమె పోయాక హీబా వచ్చి తల్లి పక్కన కూర్చుంది. "అమ్మీ, ముడి ఇప్పితె ఉత్తగ ఉంటె?"

కుల్సుం ఆకురాయి తీసి పక్కన పెట్టింది. అంతా ఆమె ఊహ. నంగునూరు ఇల్లాలి నవ్వులో దొరికిన ఒక ఊహ, దానికి మూడేళ్లుగా పోసిన నెయ్యి. ఉత్తగా ఉంటే దొంగ పెండ్లాం పిచ్చిది కూడా అయ్యిందని ఊరంతా నవ్వుతుంది. పాషా ఇక ఎన్నడూ రాడు.

"ఉత్తగుంటె దుకాణం బంద్ జేసి నేనే నాందేడ్ పోత," అంది. "గాని ఉత్తగుండది."

మూఢం రాకముందటి ఆఖరి ముహూర్తం అది. బక్రీద్ మరునాడు. కుల్సుం పండుగ చీరనే ఇంకోసారి కట్టుకొని, కొత్త పెట్టెను ఆటోలో పెట్టుకొని పోయింది. స్టేజీ పక్క గోడకు పెట్టె బిగించేసరికి అక్కడ ఒడిబియ్యం జరుగుతోంది. ప్రమీలాదేవి అన్నదమ్ములు ఆమె ఒళ్లో బియ్యం పోశారు, ఆకుపచ్చ పట్టుచీర పెట్టారు. ఆడవాళ్లు చాటుకు తీసుకుపోయి కట్టించి తెచ్చారు. మడత పోని కొత్త చీర కర్రలాగా నిలబడుతోంది. దాన్నే చూస్తూ కుల్సుం పెట్టె తలుపు తెరిచి పట్టుకుంది.

"తేండ్రి, చాబీలు ఒక్కొక్కటి తగిలియ్యుండ్రి."

మేనేజరు తగిలించాడు. గేటు, డైనింగు హాలు, వంటసామాన్ల గది, జనరేటరు. బీరువా దగ్గర ఆగాడు. ప్రమీలాదేవి చేయి దానంతట అదే కొంగుకు పోయింది. ఒక కొస చూసుకుంది, ఇంకో కొస చూసుకుంది. "అయ్యో, ముడి ఊడిందా ఏంది?" అని కిందా పైనా చూసి, వెంటనే నాలిక కరుచుకుంది. "ఇడిసిన చీరకున్నది. మనస్వినీ, జర తేవే బిడ్డా."

మనస్విని విడిచిన చీర తెచ్చింది. కొంగు ముడిలో చాబీ ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కుల్సుం నవ్వలేదు. చాబీ తీసుకొని వెలుగుకు పెట్టి చూసింది.

"గిది మా ఆయన జేసిన చాబీ," అంది. "గిది నకలు. దీనికి పక్క కొక్కెం ఉన్నది." తగిలించి, తలుపు నూకింది. తలుపు పడలేదు. ఒక్క కొక్కెం ఖాళీగా ఉంది.

"గిదేంది, పడదా?" అన్నాడు వియ్యంకుడు.

"అసలు చాబీ లేంది పడదు బావగారూ. అసలు చాబీ బయట తిరుగుతుంటె ఇగ పెట్టె ఎందుకు?"

"గదీ నిజమే," అన్నాడాయన.

"అది ఎన్నడో వోయింది," అంది ప్రమీలాదేవి.

కుల్సుం చెయ్యి చాపి స్టేజీ మీది మైకు స్టాండును తమ మధ్యకు జరిపింది. "ఎన్నడు వోయింది దొరసానీ?"

"పెద్దబిడ్డ పెండ్లినాడు."

"ఆఖరుకు ఏడ బెట్టిన్రు?"

"కొంగుకు ముడేసిన, ఇంకేడ బెడ్త?"

"ఏ చీర కొంగుకు?"

ప్రమీలాదేవి నోరు తెరిచింది.  ఆమె చూపు కట్టుకున్న ఆకుపచ్చ చీర మీద పడింది, తర్వాత కూతురి చేతిలోని విడిచిన చీర మీద పడింది.

"నాడు గూడ మీ అన్నదమ్ములు ఒడిబియ్యం పోసిన్రు," అంది కుల్సుం. స్పీకర్లలో ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "నాడు గూడ చీర మార్చుకున్నరు. నాడు గూడ కట్టుకున్న చీర కొంగే ఎతికిన్రు. ఇడిసిన చీర ఎవలు జూసిన్రు?"

 మనస్విని ఒక్కతే గిరుక్కున తిరిగి వెనక ఇంటివైపు నడిచింది. నడక కాదు, పరుగే. అత్తవారింట్లో ఆరేళ్లు 'ఉంగరం లేని సంబంధం' అనిపించుకున్న పిల్ల ఆమె.

ఆమె వచ్చేదాకా కుల్సుం పెట్టెకు చేయి ఆనించి నిలబడింది.  నాందేడ్‌లో ఏదో షెడ్డులో చెమట తుడుచుకుంటూ ఉన్న మనిషి కళ్లముందు మెదిలాడు. యా అల్లా, ఆ ముడి ఉండాలి.

మామిడిపండు రంగు పట్టుచీర వచ్చింది. కలరా ఉండల వాసన గుప్పుమంది. కొంగు కొసకు పిడికిలంత బిగిసిన ముడి. ఎవరో "ఇటియ్యి కుల్సుంబీకి" అన్నారు. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నేను ముట్ట. నా చెయ్యి తగిల్తె గప్పుడే పెట్టిందంటరు. ముడేసిన చెయ్యే ఇప్పాలె."

ప్రమీలాదేవి విప్పబోయింది. ఏళ్లుగా అణిగిన పట్టు రాయిలాగా అయింది. గోరు విరిగింది. గాజులు అడ్డం పడ్డాయి. చివరికి పెళ్లికూతురి తల్లి, ఒళ్లో ఇంకా బియ్యం గింజలు అంటుకొని ఉండగానే, పుట్టింటివాళ్ల ముందు, వియ్యంకులవాళ్ల ముందు, ఆ ముడిని పళ్లతో పట్టి గుంజింది. కుల్సుం రెప్ప వేయకుండా చూసింది. ఒక్క క్షణం కూడా పోగొట్టుకోదలచలేదు.

ముందు చాబీ పడింది. దాని వెనక ఉంగరం పడి, దొర్లి, మైకు స్టాండు కాలుకు తగిలి ఆగింది. ఆ చిన్న చప్పుడు హాలంతా వినిపించింది.

ప్రమీలాదేవి చెంగు నోటికి అడ్డం పెట్టుకొని, మైకుకు దూరంగా జరిగి, "తప్పయింది" అంది.

"గట్ల గాదు. మైకుల," అంది కుల్సుం. "నాడు ఎంత గట్టిగన్నరో గంత గట్టిగ."

యాదగిరి రెడ్డి తల వంచుకొని "అను ప్రమీలా" అన్నాడు. పెళ్లయ్యాక ఆయన భార్యకు చెప్పిన మొదటి మాట అదేనని తర్వాత జనం నవ్వుకున్నారు.

"జానీ పాషా దొంగ గాదు," అంది ప్రమీలాదేవి మైకులో. "నా కొంగుల ముడి నేనే మర్సిన."

"ఇంకోసారి. వంటలకాడ ఇనవడలే. గాడనే గదా మా ఆయన అంగి ఇప్పిచ్చింది."

రెండోసారి అనేటప్పుడు ఆమె ఏడ్చింది. ఆ ఏడుపు వంటల దగ్గరికి పోయింది, గేటు దాటి రోడ్డు మీదకు పోయింది. కుల్సుం కడుపులో ఆరేళ్లుగా కాలుతున్నదేదో కొంచెం చల్లబడింది. పూర్తిగా కాదు.

"మాఫ్ చెయ్ కుల్సుంబీ," అని ప్రమీలాదేవి చేతులు జోడించింది.

"మాఫ్ జేసుడు నా చేతుల లేదు దొరసానీ. నాడు అంగి ఇప్పింది నేను గాదు."

నేల మీది అసలు చాబీ తీసి మేనేజరు చేత కొక్కేనికి తగిలించింది. తలుపు ఈసారి వేలితో తాకితేనే పడింది. పెట్టె చాబీలు రెండు. ఒకటి యాదగిరి రెడ్డికి ఇచ్చింది. రెండోదాన్ని పైకెత్తి చూపింది.

"రెండోది ఇంటోళ్ల దగ్గర ఉండద్దు. మీరు నమ్మినోళ్ల దగ్గర ఉండాలె. గది లేంది ఇంటోళ్లు గూడ తెర్వలేరు. ఎవల దగ్గర ఉంచుమంటరు?"

వియ్యంకుడు ముందుకొచ్చి అన్నాడు: "ఇంకెవల దగ్గర? గా పాషా దగ్గర్నే ఉండనియ్యి. ఆయన కంటె ఎక్కువ సోదాలు, తనకీలు ఎవలకైనయ్?"

అన్నదమ్ములు తలలూపారు. అందరూ ప్రమీలాదేవి వైపు చూశారు. ఆమె కూడా తలూపక తప్పలేదు. కుల్సుం ఆ చాబీని కొంగుకు ముడివేసుకోలేదు. మెడలో నల్లదారానికి గుచ్చుకొని, రవికె లోపల వేసుకుంది.

పెళ్లి ముగిసింది. హాలు తాళాలన్నీ నొక్కితే పడేవే, పడ్డాయి. తెరవాలంటే మాత్రం పెట్టెలోని చాబీలు కావాలి. పెట్టె తెరవాలంటే పాషా కావాలి. వచ్చేది ఆషాఢం, హాలుతో ఎవరికీ పని లేదు కాబట్టి ఎవరూ కంగారు పడలేదు. కుల్సుం పోయేముందు మేనేజరును పిలిచి శ్రావణంలో మొదటి బుకింగు ఏనాడని అడిగి తెలుసుకుంది. నెల మొదటి రోజునే, జూలై 25న, ఒక పెద్దింటి ఓణీల ఫంక్షన్. మంచిది అంది. తర్వాత నాందేడ్ బస్సెక్కింది.

ఇప్పుడు ప్రమీలాదేవి రోజుకోసారి ఫోను చేస్తోంది. "రెండు దినాల ముందుగాల రాండ్రి, హాలు కడిగిచ్చుకోవాలె" అంటుంది. కుల్సుం ఫోను పాషాకు ఇస్తుంది. పాషా ఒకటే మాట చెబుతాడు: "నేను హాలుకాడికి రాను దొరసానీ. నా దుకాణం కాడ ఉంట. మీరు కారు దిగి, సందుల నడుసుకుంట వచ్చి, 'పాషా, వచ్చి తాళం తియ్యి' అని పిలిస్తె అప్పుడొస్త. టైలరు ఇనాలె, చాయ్ బండోడు ఇనాలె." పగులగొడదామని మేనేజరు ఒకసారి అన్నాడట. నాగయ్య బుల్లెట్ కథ ఎరిగిన యాదగిరి రెడ్డి వద్దన్నాడు. పగిలితే పెట్టెతో పాటు మైకులో చెప్పిన మాట కూడా పగిలినట్టే అవుతుందని ఆయనకు తెలుసు.

పాత బస్టాండు సందులో దుకాణం షట్టరు దించి ఉంది. దాని మీద హీబా సుద్దతో పెద్ద అక్షరాల్లో రాసింది. దారిన పోయేవాళ్లంతా ఆగి చదువుతున్నారు. మొదటి వరుసలో తండ్రి పేరు, దాని కింద తల్లి పేరు, దాని కింద నాందేడ్ నుంచి ఇద్దరూ తిరిగి వచ్చే తేదీ: 25 జూలై 2025, శుక్రవారం.